ఇంటి వైద్యంలో ఇల్లంటే ఎవరు?

డాక్టర్ చార్లెస్ స్పీవాక్ 1896లో ఫిలడెల్ఫియా వదిలి కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌కి వెళ్లింది భార్య జెన్నీ ఆరోగ్యం బాగాలేకపోవడం వల్ల. ఆ కొండప్రాంతపు పొడిగాలి, ఎండ ఊపిరితిత్తుల జబ్బులకి మంచివని అప్పట్లో గట్టి నమ్మకం. అమెరికాలో పేద యూదు వలస కార్మికుల క్షయ వైద్యం గురించి మాట్లాడితే మొదట వినిపించే పేర్లలో ఒకటైన స్పీవాక్ ఆ ఊరు చేరడానికి కారణం ఒక ఇంట్లో ఒక స్త్రీ జబ్బుపడటం. జీన్ అబ్రమ్స్ రాసిన ఆయన జీవితచరిత్ర 2009లో వచ్చింది. ఈమధ్య ఒక స్నేహితురాలు పంపితే చదివాను. చదువుతున్నంతసేపూ తార్నాకలో ఒక అద్దె గది, అందులో కిరోసిన్ స్టవ్ ముందు కూర్చున్న మా అమ్మ గుర్తొస్తూనే ఉంది. డెన్వర్‌లోని ఒక యూదు డాక్టరుకీ జనగామ దగ్గరి పల్లెనుంచి వచ్చిన మా అమ్మకీ ఏం సంబంధమని నన్ను నేను అడుక్కున్నాను. ఆ ప్రశ్న వెంట పోతే తేలిన ఆలోచనలివి.

ముందు పుస్తకం సంగతి. స్పీవాక్ 1861లో, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న క్రెమెన్‌చుగ్‌లో పుట్టాడు. 1882లో అమెరికా చేరి కూలిపని చేశాడు, మిల్లులో పనిచేశాడు. 1890లో జెఫర్సన్ మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై బయటికొచ్చాడు. ఆయన రోగులు తనలాగే తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ లాంటి చోట్ల గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో, అక్కడే వండుకుని అక్కడే పడుకుని అక్కడే బట్టలు కుట్టి బతికినవాళ్లు. క్షయకి దర్జీల జబ్బు అని పేరే పడింది. వలసవచ్చినవాళ్లే జబ్బు మోసుకొచ్చారని నింద. మారిస్ ఫిష్‌బర్గ్ లాంటి యూదు డాక్టర్లు లెక్కలు ముందుపెట్టి, యూదుల్లో క్షయ మరణాలు మిగతా వలస సమూహాల కంటే తక్కువేనని నిరూపించుకోవాల్సి వచ్చింది. జబ్బుతోబాటు నిందని కూడా మోసే జనానికి డాక్టరు మందివ్వడంతో సరిపోదు, వాళ్ల తరఫున వకాల్తా కూడా పుచ్చుకోవాలి.

డెన్వర్‌లో అప్పటికే యూదులు కట్టిన క్షయ ఆసుపత్రి ఒకటుంది. 1899 డిసెంబరులో తెరిచిన నేషనల్ జ్యూయిష్ హాస్పిటల్. డబ్బు కట్టగల స్తోమత ఉన్నవాళ్లని చేర్చుకోకూడదు, చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు అన్నది దాని నియమం. కానీ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లనే తీసుకునేవారు. ఆరునెలల గడువు పెట్టారు. నడిపింది ఎక్కువగా ముందుతరంలో వచ్చి స్థిరపడ్డ, జర్మన్ మూలాలున్న యూదులు. యూదుల ఆహారనియమాల ప్రకారం వండే కోషర్ వంటగది అక్కడ 1920ల దాకా లేదు. జబ్బు ముదిరి, చేతిలో డబ్బు లేక, యిడ్డిష్ తప్ప మరో మాట రాకుండా రైలు దిగినవాళ్ల గతేమిటి? ఈ ప్రశ్నకి జవాబుగా 1904లో జ్యూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ పుట్టింది. పెట్టినవాళ్లు తూర్పు యూరప్ యూదు వలసదారులు, వాళ్లలో చాలామంది స్వయంగా క్షయరోగులు. డాక్టర్ ఫిలిప్ హిల్కోవిట్జ్ అధ్యక్షుడు, స్పీవాక్ కార్యదర్శి. గుడారాల్లాంటి కుటీరాలతో మొదలుపెట్టారు. ఏ దశలో ఉన్న రోగినైనా ఉచితంగా చేర్చుకున్నారు. కోషర్ భోజనం పెట్టారు, రోగుల భాషలో మాట్లాడారు. ఊరూరా చిన్నచిన్న చందాలు పోగుచేశారు.

ఈ రెండు ఆసుపత్రుల తగాదా నాకు చాలా దగ్గరగా అనిపించింది. పైకి అది తిండి గురించి, గడువు గురించి. లోపల అది దయ పుచ్చుకోవడానికీ హక్కుగా అందుకోవడానికీ ఉన్న తేడా గురించి. నీ జబ్బు నయం చేస్తాం గానీ నీ తిండి, నీ మాట గుమ్మం బయట వదిలి రమ్మని చెప్పడం మనకి తెలియని విషయమా? హాస్టల్ మెస్సుల్లో ఎవరి తిండి వండాలి, ఎవరి తిండి వండకూడదు అన్న గొడవలు మన క్యాంపస్ దశాబ్దాలుగా చూస్తూనే ఉంది. స్పీవాక్ గొప్పతనం ఈ తేడాని పట్టుకోవడంలో ఉంది. ఆయన సాహిత్యాభిమాని కూడా. క్షయతో డెన్వర్ వచ్చిన కవి యెహోయాష్‌తో కలిసి యిడ్డిష్‌లో వాడే హీబ్రూ, అరమాయిక్ మాటలకి నిఘంటువు తయారుచేశాడు. 1930ల్లో హెచ్. లైవిక్ అనే మరో పెద్ద కవి ఆ శానిటోరియంలో రోగిగా ఉండి కవిత్వం రాశాడు. వైద్యం, భాష, కవిత్వం ఒకే ఆవరణలో ఉన్న చోటు అది. అబ్రమ్స్ ఈ కథని ఓపికగా, ఆధారాలతో చెప్తుంది. చదవాల్సిన పుస్తకం.

అయితే నా పేచీ వంటగది దగ్గర మొదలవుతుంది. కోషర్ వంటగది ఆ ఉద్యమానికి జెండా లాంటిది. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు, వాటిని కలవకుండా కడగడం, ఎండబెట్టడం. ఈ జ్ఞానమంతా ఆ సమాజంలో తల్లి నుంచి కూతురికి వచ్చే జ్ఞానం. సంస్థ చరిత్రలో అది విధానంగా, తీర్మానంగా, పాలకవర్గపు గెలుపుగా కనిపిస్తుంది. అది ముందు ఒక పని. ఆ పని తెలిసిన మనుషులున్నారు. తీర్మానం చేసినవాళ్లకి పేర్లుంటాయి, గిన్నెలు విడివిడిగా కడిగినవాళ్లకి ఉండవు.

పేర్లున్న స్త్రీలు లేరని కాదు. క్షయరోగుల కోసం డెన్వర్‌లో ఆసుపత్రి కావాలని అందరికంటే ముందు పోరిన మనిషి ఫ్రాన్సిస్ వైజ్‌బార్ట్ జేకబ్స్. రోడ్డు మీద పడిపోయిన రోగుల దగ్గరికి స్వయంగా వెళ్లేది. 1892లో చనిపోయింది, ఆసుపత్రి తెరుచుకోవడం చూడలేదు. ఇంకొకామె ఫానీ లోర్బర్. 1907లో ఆమె, మరికొందరు స్త్రీలు కలిసి రోగుల పిల్లల కోసం ఒక శరణాలయానికి పూనుకున్నారు. తల్లో తండ్రో శానిటోరియంలో చేరితే పిల్లలు ఎక్కడుండాలి? డాక్టర్లు అడిగిన ప్రశ్న రోగిని ఏ దశలో చేర్చుకోవాలి అని. ఈ స్త్రీలు అడిగింది, రోగి మంచమెక్కాక ఆ ఇంట్లో మిగిలినవాళ్ల సంగతేమిటని. నా దృష్టిలో డెన్వర్ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఆమెకి జబ్బొస్తే ఇల్లు ఆగిపోతుంది, అతనికి జబ్బొస్తే ఇల్లు ఆమె మీద రెండింతలు పడుతుంది అన్న ఎరుక లేకుండా ఆ శరణాలయం పుట్టదు.

అబ్రమ్స్‌కి ఇదంతా తెలియదనడం అన్యాయం. అమెరికా పశ్చిమప్రాంతపు యూదు స్త్రీల మీద ఆమె 2006లో విడిగా ఒక పుస్తకమే రాసింది. నా అభ్యంతరం ఆ విడిగా అన్న మాట మీదే. డాక్టరు కథ ఒక పుస్తకం, స్త్రీల కథ ఇంకో పుస్తకం. లైబ్రరీలో ఒకటి వైద్యచరిత్ర అరలోకి, ఇంకోటి స్త్రీల అధ్యయనాల అరలోకి పోతాయి. జీవితచరిత్ర అనే ప్రక్రియే అలాంటిది. ఒక మనిషిని మధ్యలో నిలబెట్టగానే మిగతావాళ్లు ఆ మనిషికి భార్య, సహాయకురాలు, దాతల సంఘం సభ్యురాలు అయిపోతారు. జెన్నీ జబ్బు కథకి మొదలవుతుంది గానీ కథ కాదు. మనం ఇక్కడ రాసుకుంటున్న వైద్యచరిత్రలు ఇంతకంటే భిన్నంగా ఉన్నాయా?

మన దగ్గర దీనికి దగ్గరి కథ మదనపల్లెది. అక్కడ కూడా ఒక మతసమూహం, దూరం నుంచి వచ్చిన డాక్టర్లు, ఊరికి దూరంగా గాలి బాగుండే చోట శానిటోరియం. మనదేశంలో మొదటి క్షయ శానిటోరియాన్ని 1906లో అజ్మీర్ దగ్గర తిలోనియాలో మిషనరీలు పెట్టారు. దక్షిణాదిలో వేర్వేరు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో మదనపల్లె దగ్గర యూనియన్ మిషన్ ట్యూబర్క్యులోసిస్ శానిటోరియం తెరిచాయి. జనం నోట అది ఆరోగ్యవరం అయింది. ఆ పేరు చెప్పగానే వినిపించేది డేనిష్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమాట్ మోలర్ పేరు. తొలి సూపరింటెండెంటుగా దాన్ని నిలబెట్టింది ఆయనే, కాదనను. ఆయన కొడుకు యోహాన్నెస్ 1950ల్లో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో చేసిన క్షయ సర్వే కూడా పేరుపడ్డది. 1948లో మనదేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అయితే శానిటోరియం కావాలని తొలినాళ్లలో పట్టుబట్టినవాళ్లలో ఆర్కాట్ మిషన్ వైద్యురాలు లూయీసా హార్ట్ ఉంది. మదనపల్లెలో స్త్రీల కోసం పనిచేసిన డాక్టరు ఆమె. డెన్వర్‌లో ఫ్రాన్సిస్ జేకబ్స్ ఎక్కడుందో మదనపల్లెలో లూయీసా హార్ట్ అక్కడుంది, చరిత్రకి ముందుమాటలో.

ఇక్కడ ఒక తేడా ఒప్పుకోవాలి. స్పీవాక్ తన వాళ్లకి డాక్టరు. ఆరోగ్యవరం డాక్టర్లు మొదట్లో బయటివాళ్లు. డెన్వర్‌లో రోగులూ కార్మికులూ కలిసి పెట్టుకున్నది ఇక్కడ మిషన్లు పెట్టి జనానికి అందించాయి. కానీ రెండుచోట్లా శానిటోరియం అనే ఆలోచన మాత్రం ఒకటే. మందు లేని కాలంలో విశ్రాంతి, గాలి, పాలు, గుడ్లు, క్రమశిక్షణ. రోగిని ఇంటి నుంచి తీసి వేరే ఇంట్లో పెట్టడం. శానిటోరియంలో వండే పని, ఊడ్చే పని, కఫం గిన్నెలు కడిగే పని జీతం వచ్చే పనులు. ఎంత తక్కువైనా వాటికి ఒక రిజిస్టరు, ఒక సంతకం ఉంటాయి. ఈ విషయం ఎందుకు ముఖ్యమో తర్వాతి అధ్యాయంలో తెలుస్తుంది.

ఆ అధ్యాయం మద్రాసులో జరిగింది. 1956లో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ కలిసి అక్కడ ఒక కేంద్రం పెట్టాయి. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు నాయకత్వంలో 193 మంది పేద రోగులని చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియంలో, ఇంకో గుంపు ఇంట్లో. మందులు ఇద్దరికీ ఒకటే, ఐసోనయజిడ్, పాస్, ఏడాదిపాటు. 1959లో ఫలితాలొచ్చాయి. శానిటోరియంలో 92 శాతం మందికి, ఇంట్లో 86 శాతం మందికి జబ్బు అదుపులోకొచ్చింది. ఇంట్లో మిగతావాళ్లకి అంటుకోవడం కూడా ఎక్కువేం కాలేదు. ఇరుకింట్లో, చాలీచాలని తిండితో, పని చేసుకుంటూ కూడా మందు వేసుకుంటే చాలని తేలింది. ప్రపంచమంతా క్షయవైద్యం దారి మార్చిన అధ్యయనం ఇది. 1962 నుంచి మన జాతీయ క్షయ కార్యక్రమం దీనిమీదే నడిచింది. శానిటోరియాల కాలం మెల్లగా ముగిసింది.

నేను ఈ ఫలితాన్ని తక్కువ చేయడం లేదు. లక్షల మందికి మంచం దొరికేది కాదు, మందు దొరికింది. పేదవాళ్లు బతికారు. కానీ ఆ కాగితాల్లో ఇల్లు అనే మాట ఎలా వాడారో చూడండి. ఇల్లు ఒక చోటు. దానికి గదులెన్ని, మనుషులెందరు, తిండి ఎంత అని కొలిచారు. శానిటోరియంలో రోగులు ఎక్కువ బరువు పెరిగారని రాశారు. చెప్పకుండా ఇంటికొచ్చి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రపరీక్షతో మందు వేసుకున్నదీ లేనిదీ కనిపెట్టారు. ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టినవాళ్లు, శానిటోరియంలో నర్సు, వంటమనిషి, ఆయా కలిసి చేసే పని ఇంట్లో ఎవరు చేశారని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఇంటి వైద్యం చవక అని తేల్చినప్పుడు ఆ చవకలో ఒక భాగం మందుది. ఇంకో భాగం కూలి లేని పనిది. ఆ పని అప్పటిదాకా శానిటోరియం రిజిస్టర్లో ఉండేది. ఇంటికి రాగానే ప్రేమ అయిపోయింది.

ఈ మాట నేను గట్టిగా అనగలగడానికి కారణం పుస్తకాలు కాదు.

2003 చలికాలంలో నాకు టీబీ వచ్చింది. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్నాను, హాస్టల్‌లో ఉంటున్నాను. నాతో గది పంచుకునే అమ్మాయికి అంటుతుందన్న భయం ఒకటి, ఎవరికైనా తెలుస్తుందన్న భయం ఇంకోటి. రెండో భయమే పెద్దది. నేనే హాస్టల్ వదిలేసి తార్నాకలో ఒక మేడమీద గది అద్దెకి తీసుకున్నాను. ఊరినుంచి అమ్మ వచ్చింది. ఇంటి ఓనరమ్మ ఏం జబ్బని అడిగితే, “నిమ్ము చేసిందమ్మా, డాక్టరు ఆర్నెల్లు మంచిగ తినుమన్నడు” అంది. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. పెళ్లికాని పిల్లకి క్షయ అని తెలిస్తే ఏమవుతుందో అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు మందులు వారానికి మూడురోజులు. మొదటి రెండునెలలు సోమ, బుధ, శుక్రవారాలు కేంద్రానికెళ్లి వాళ్ల ఎదురుగా మింగాలి. నా పేరు రాసిన మందుల డబ్బా అక్కడుండేది. తర్వాత నాలుగునెలలు వారంలో మొదటి మోతాదు అక్కడ, మిగతావి ఇంట్లో. ఖాళీ స్ట్రిప్పు తిరిగి తీసుకెళ్లి చూపించాలి. నా కార్డు మీద మందు మింగించిన ఆరోగ్య కార్యకర్త పేరుంది. ఆమె మంచి మనిషి, ఆ పేరు అక్కడ ఉండాల్సిందే. పొద్దున నాలుగింటికి లేచి, మందు ఖాళీ కడుపున పడితే వాంతవుతుందని జొన్నగటక కాచి, కోడిగుడ్డు ఉడకబెట్టి, నేను కక్కుకుంటే మళ్లీ కాచిన మనిషి పేరుకి ఆ కార్డులో గడి లేదు. ఆమెకి పరీక్ష చేయించాలని నాకూ తట్టలేదు.

అప్పుడు నేను రాస్తున్న థీసిస్ తెలుగు కథల్లో స్త్రీల శ్రమ మీద. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మంచం మీద పడుకుని ఇంటిచాకిరీ గురించి నోట్సు రాసుకుంటుంటే అమ్మ నా పక్కన బియ్యం ఏరుతుండేది. అన్వేషి, స్త్రీశక్తి సంఘటన మిత్రులు తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఆ గదిలోనే మళ్లీ చదివాను. 1991లో వచ్చిన ఆ పుస్తకం రోగిగా స్త్రీ డాక్టరు ముందు ఎలా నోరు విప్పాలో మా తరానికి నేర్పింది. నేను ఆ పాఠం నాకోసం నేర్చుకున్నాను. నా మంచం పక్కన కూర్చున్న స్త్రీని మాట్లాడించడం నేర్చుకోలేదు.

సూసన్ సాంటాగ్ పుస్తకం కూడా అప్పుడే చదివాను. మా క్యాంపస్‌లో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ లైబ్రరీ పుణ్యమా అని మా విభాగంలో అందరికీ సాంటాగ్ తెలుసు. జబ్బుని ఉపమానంగా వాడటం మీద ఆమె 1978లో రాసిన పుస్తకం అది. పంతొమ్మిదో శతాబ్దపు సాహిత్యం క్షయని సున్నితమైన మనసున్నవాళ్ల జబ్బుగా, ఒక అందంగా చూపించిందని, ఆ ఉపమానాలు రోగిని జబ్బు కంటే ఎక్కువ బాధపెడతాయని ఆమె వాదన. జబ్బుని జబ్బుగా చూడమంటుంది. ఆ మాట నాకు ధైర్యమిచ్చింది, అబద్ధమాడను. ఇప్పుడు చదివితే మాత్రం ఆమె లోకంలో రోగి ఒంటరి మనిషిగా కనిపిస్తుంది. ఉపమానాలన్నీ ఒలిచేశాక మిగిలేది జబ్బు ఒక్కటే కాదు, జబ్బుమనిషికి అన్నం పెట్టాల్సిన అవసరం కూడా. దాని గురించి ఆమె సిద్ధాంతంలో చోటు లేదు.

మన సాహిత్యంలోనూ అంతే. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ హైదరాబాద్‌లో క్షయతో పోరాడి 1993 జనవరి 12న చనిపోయాడు. 'సిటీ లైఫ్' మినీకవితలతో ఈ నగరాన్ని అంత పదునుగా చూసినవాళ్లు తక్కువ. ఆయన్ని తలుచుకునే ప్రతి సభలోనూ పేదరికం, రాజీపడనితనం, క్షయ ఒకే వాక్యంలో వస్తాయి. క్షయ ఆయన కవిత్వానికి సాక్ష్యం పలుకుతున్నట్టు మాట్లాడతాం. ఆ ఏళ్లలో ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది, ఫొటోస్టూడియో ఆదాయం చాలనప్పుడు మందు, తిండి ఎలా సమకూరాయి, ఆయన భార్యకి ఆ కాలం ఏమిటి అన్నవి నేను విన్న ఉపన్యాసాల్లో ఒక సానుభూతి వాక్యం దాటలేదు. ఇది ఆ కవి లోపం కాదు. మన విమర్శ లోపం. కవి రోగి అయితే రోగాన్ని కూడా కవిత్వంలో కలిపేసుకుంటాం. సేవచేసిన మనిషిని కృతజ్ఞతలు చెప్పేటప్పుడు తలుచుకుని ఊరుకుంటాం.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక అమ్మకి ఫోన్ చేసి ఆ ఆర్నెల్ల గురించి అడిగాను. ఎంత కష్టపడిందో చెప్తుందనుకున్నాను. నా వాదనకి అది కావాలి కూడా.

“మంచిగుండె బిడ్డా ఆ ఆర్నెల్లు” అంది. “ఇద్దరికే వంట. పొద్దుమీకినంక ఆ కాలేజి దిక్కు నడుసుకుంట పోతుంటి. ఆడపోరగాండ్లు చెట్లకింద కూసోని సదువుకుంటుండ్రి. ఎవ్వలు నన్ను పిలిసెటోళ్లు లేరు. నా లగ్గమైనకాంచి గట్ల ఎన్నడన్న ఉన్ననా?”

నా సిద్ధాంతం ఒక్క నిమిషం తడబడింది. సేవని నేను భారమనే ఒక్క మాటలో పెట్టేశాను. అమ్మకి అది పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో దొరికిన ఒకే ఒక సెలవు. పొలం లేదు, గొడ్లు లేవు, బాపు కేకలు లేవు. ఆర్ట్స్ కాలేజీ ముందు సాయంత్రం నడక ఉంది. స్త్రీల శ్రమ గురించి మాట్లాడేటప్పుడు ఈ గాలి పీల్చుకున్న సాయంత్రాలకి కూడా మన విశ్లేషణలో చోటుండాలి.

కానీ సెలవు అంటే ఎవరో ఒకరు ఆ పని చేస్తున్నారని అర్థం. ఊళ్లో అన్నం ఎవరు వండారని అడిగాను.

“ఆడ మీ చెల్లె ఉండె గదా.”

మా చెల్లె ఆ ఏడాది ఇంటర్ సెకండియర్. పరీక్షలు రాయలేదు. తర్వాత రాస్తానంది, మరుసటేడు పెళ్లయింది. చదువు మీద దానికి శ్రద్ధ లేదని ఇంట్లో అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. ఇరవై ఏళ్లకి పైగా ఈ రెండు సంగతులూ నా బుర్రలో వేర్వేరు అరల్లో ఉన్నాయి. నా జబ్బు ఒక పుస్తకం, చెల్లె ఆగిపోయిన చదువు ఇంకో పుస్తకం. అబ్రమ్స్ మీద నేను పెట్టిన అభ్యంతరం నాకే వర్తిస్తుందని రాస్తూ రాస్తూ అర్థమైంది. తార్నాకలో నా డాక్టరేట్ పూర్తవడానికి జనగామ దగ్గర ఒక ఇంటర్ ఆగిపోయింది. ఫానీ లోర్బర్ అడిగిన ప్రశ్న మా ఇంట్లో ఎవరమూ అడగలేదు.

ఇది గతం కాదు. 2018 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం క్షయరోగులకి తిండి కోసం నెలకి 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. అవసరమే. కానీ ఆ డబ్బు రోగి పేరున వస్తుంది. మన ఇళ్లలో రోగి మగవాడైతే గుడ్డు అతని కంచంలోకి నేరుగా పోతుంది. రోగి ఆమె అయితే ఆ వెయ్యి రూపాయలు ఇంటి గిన్నెలో కలిసిపోతాయి, ఆ గిన్నె అడుగున మిగిలిందే ఆమెది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం జార్ఖండ్‌లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. 2,800 మంది రోగుల ఇళ్లలోని 10,345 మందిని చూశారు. కొన్నిచోట్ల రోగికి మాత్రమే, కొన్నిచోట్ల ఇంట్లో అందరికీ బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అందరికీ ఇచ్చిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మద్రాసులో రోగి కోలుకోవడానికి తిండి కంటే మందే ముఖ్యమని తేలితే, జార్ఖండ్‌లో రోగి పక్కనున్నవాళ్లని తిండి కాపాడుతుందని తేలింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మొదటి అధ్యయనానికి ఇల్లు ఒక చోటు, రెండోదానికి ఇల్లంటే ఆకలి ఉన్న మనుషులు. తార్నాకలో మా గదికి నడిచిపోయేంత దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వారానికి రెండుసార్లు దాని గోడ పక్కనుంచే అమ్మ గుడ్లు కొనుక్కొచ్చేది. ఆ గుడ్లలో తనకంటూ ఒకటి తిన్నదా అని ఫోన్‌లో అడిగాను. “నువ్వు ఇడిసిపెట్టినప్పుడు తిన్న” అంది.

నేను అడిగేది వైద్యచరిత్రల్లో స్త్రీల కోసం ఒక అధ్యాయం చేర్చమని కాదు. డాక్టరు జీవితం రాసినా, శానిటోరియం చరిత్ర రాసినా, రోగి అయిన కవిని విమర్శించినా, ఇల్లు అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆగి ఇక్కడ ఇల్లంటే ఎవరని అడగాలి. ఆమె ఏ పని వదిలేసి ఈ పనికొచ్చింది, ఆమె వదిలేసిన పని ఎవరి మీద పడింది అని ఆ గొలుసు చివరిదాకా పోవాలి. అనంతగిరి, ఎర్రగడ్డ, ఆరోగ్యవరం ఆసుపత్రుల బయట చెట్ల కింద స్టవ్‌లు పెట్టుకుని వండిన ఆడవాళ్లని గురించి మన అమ్మల తరం దగ్గర ఇంకా జ్ఞాపకాలున్నాయి. ఇప్పుడు అడక్కపోతే పోతాయి.

చెల్లెకి కూడా ఫోన్ చేశాను. ఆ ఏడాది పరీక్షలు ఎందుకు రాయలేదని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గిప్పుడెందుకడుగుతున్నవే అక్కా?” అంది.